తరుగు

కాశీబుగ్గ దాటాక, హైవే పక్కన,
నేను కూర్చునే కాటా గది.
ఎక్కించిన బండి బరువొకటి, ఖాళీ బండి బరువొకటి,
రెంటి మధ్యా నా జీతం.

ఢిల్లీరావు ట్రైలరు తెల్లవారుజామున వస్తుంది
విశాఖ రేవు నుంచి జీడిపిక్కలతో.
గోనెల మీద నల్లసిరాతో గినీ బిస్సావ్.
క్లీనరు కుర్రాడు కూడబలుక్కుని చదివి
"ఇదెక్కడన్నా, బరంపురం అవతలా?" అన్నాడు.
చాలా అవతల, అన్నాను.

అక్కడ పిక్క తప్ప అమ్ముకునేది పెద్దగా లేదంటారు.
పిక్క ధర పడితే ఆ ఏడు బియ్యం తక్కువట.
"ఈసారి రేటు మనదే" అని
బ్రోకరు ఫోన్లో నవ్వాడు.
ఆ రాత్రి సముద్రం అవతల ఎసట్లో
ఒక గిద్దె తగ్గిన చప్పుడు
నాకు వినబడిందని అనను.
కాటాకి చెవులుండవు.

అక్కడా ఒక కాటా ఉండే ఉంటుంది,
తిరగని ఫ్యాను కింద నాలాంటివాడొకడు.
అతను రాసిన బరువూ నేను రాసే బరువూ
ఒక్కసారీ కలవలేదు.
తేమకు తరుగు, మట్టికి తరుగు, గోనెకు తరుగు.
మిగతాది సముద్రం తాగిందని సర్దుకుంటాం.

టెక్కలిలో కామర్సు చదివాను.
"ఎగుమతిలోంచి దిగుమతి తీసెయ్యండి,
మిగిలిందే మిగులు" అని
మా మేష్టారు బోర్డు మీద సుద్ద అరగదీశారు.
పన్నెండు మార్కుల ప్రశ్న. పదకొండు వేశారు.
ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందో
ఇప్పుడు కాస్త తెలుస్తోంది.

ఢిల్లీరావు ఖాళీగా వెనక్కి పోడు.
మెళియాపుట్టి వైపు క్వారీలో నీలిరాయి ఎత్తుకుంటాడు,
నీళ్ళు చల్లితే నెమలిమెడ రంగు.
రేవు దాటి ఏ చలిదేశంలోనో సమాధి పలకవుతుంది,
మనకు నోరు తిరగని పేరు చెక్కుతారు.
రాయి ఇరవైరెండు టన్నుల నాలుగొందలు.
గొయ్యి ఎంత?
ఆ గడి నా కంప్యూటర్లో లేదు.
కొండ ఉన్నప్పుడు దాని నీడన పడుకున్న
జమ్మయ్య మేకలు
ఎండెక్కితే ఇటే వస్తాయి, బళ్ళ కింద పడుకుంటాయి,
హారన్ కొడితే గాని లేవవు.

పిక్క వచ్చేటప్పుడు మనం కొనే దేశం.
రాయి పోయేటప్పుడు మనం ఆ దేశం.
బండి అదే, ఢిల్లీరావు నిద్రమొహం అదే,
ముక్కు ఎటు తిరిగిందన్నదే తేడా.

ఎదుటి ఫ్యాక్టరీలో తవిటమ్మ పిక్క కొడుతుంది.
బూడిద రాసుకున్నా జీడి ఊరుకోదు,
వేళ్ళ కొసలు నల్లగా, నున్నగా.
రేషను డిపోలో వేలు పెడితే
ఆమె ఆమె కాదంటుంది మిషను.
చీరకు తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తుడిచి.
ఒక్కోసారి ఒప్పుకుంటుంది.
గుడ్డుపప్పు డబ్బాల్లోకి, బద్ద బజారుకి, తొక్క బాయిలరుకి.
ఆ వేలిముద్ర మాత్రం ఎటు పోయిందో
ఏ ఇన్వాయిసులోనూ లేదు.

మొన్న మధ్యాహ్నం వచ్చి గుప్పిట విప్పింది.
గోనె అడుగున దొరికిందట, నాణెం,
ఒక పక్క రంపం ముక్కున్న చేప.
"మనకాడ సెల్లదా బావూ?"
చెల్లదు.
"మరి ఆలు ఎతుక్కుంతారు గదా."

దానికి నా దగ్గర చీటీ లేదు.
కాటా మీద పెట్టి చూడమంది. పెట్టాను.
సున్నా.
పది కిలోల లోపుదేదీ దీని కంటికి ఆనదు.
"అయితే నానెక్కుతాను" అంది.
చెప్పులు పక్కన విడిచి, గుడి మెట్టెక్కినట్టు ఎక్కి,
అరవై టన్నులు మోసే ఇనపపలక నడిమధ్యన
నాణెం పట్టుకుని నిలబడింది.

తెర మీద ఎర్ర అంకెలు
నలభై అన్నాయి. యాభై అన్నాయి. మళ్ళీ నలభై.
ఏదో ఒకటి నిలిస్తే గాని చీటీ రాదు.
బయట ఢిల్లీరావు హారన్ కొడుతున్నాడు,
మేకలు ఒక్కొక్కటే లేస్తున్నాయి.
"ఏటొచ్చినాది?" అని కేకేసింది.
ఉండు, కదలకు, అన్నాను.

"నాను కదల్నేదు బావూ."